మిలిటరీ కాలేజీ సీటు: మనవాళ్లలో ఉన్న అపోహలు, అసలు సంగతులు

ఒంగోల్లో నా ఆఫీసు మెట్లెక్కే తల్లిదండ్రులు ముందు సిలబస్ అడగరు. "సార్, మీరు అక్కడ పనిచేసి వచ్చారంట గదా, ఒక్క ఫోన్ కొడితే అయిపోద్ది గదా?" అంటారు.

అవదు. నేను ఆర్మీ ఎడ్యుకేషన్ కోర్‌లో హవల్దారుగా చేశాను. ఆఖరి మూడేళ్లు ఒక మిలిటరీ కాలేజీ ఆఫీసులో కొత్తగా చేరే పిల్లల ఫైళ్లు సరిచూసేవాణ్ని. ఆ పనితో నాకు కాగితం చదవడం వచ్చింది, పలుకుబడి రాలేదు. మెరిట్ లిస్టు దగ్గర హవల్దారు మాట చెల్లదు, కర్నల్ మాటా చెల్లదు. డబ్బిస్తే సీటు ఇప్పిస్తామని ఎవరన్నా ఇంటికొస్తే టీ కూడా ఇవ్వకండి.

అపోహ: పుట్టినతేదీ చిన్న విషయం, తర్వాత సర్దుకోవచ్చు.

నేను చూసినంతలో పరీక్షకన్నా ఎక్కువ దెబ్బ కొట్టేది ఇదే. డెహ్రాడూన్‌లోని రాష్ట్రీయ ఇండియన్ మిలిటరీ కాలేజీ 1922 నుంచి ఉంది. అక్కడ చేర్చుకునేది ఎనిమిదో తరగతిలోకి మాత్రమే, జనవరిలో ఒకసారి, జూలైలో ఒకసారి. చేరే విడత ఒకటో తేదీకి పిల్లాడికి పదకొండున్నర నిండాలి, పదమూడు దాటకూడదు. కోరుకొండ, కలికిరి లాంటి సైనిక్ స్కూళ్లకు మార్చి 31 నాటి వయసు చూస్తారు. ఆరో తరగతికి 10 నుంచి 12, తొమ్మిదికి 13 నుంచి 15.

మన ఊళ్లలో బడిలో వేసేటప్పుడు ఐదేళ్లు నిండాయని చూపడానికి జూన్‌లో ఏదో ఒక తేదీ రాసేస్తుంటారు. పోయినేడు చీమకుర్తి నుంచి ఒకాయన వచ్చాడు. గ్రానైట్ కటింగ్ పని, చొక్కా జేబు అంచున తెల్లటి పొడి ఇంకా ఉంది. కవర్లోంచి మూడు కాగితాలు తీసి బల్ల మీద వరసగా పెట్టాడు. పంచాయతీ సర్టిఫికెట్లో సెప్టెంబరు. బడి రికార్డులో జూన్ 12. ఆధార్‌లోనూ జూన్ 12. మొదటిదాన్ని బట్టి డెహ్రాడూన్‌కి వయసు సరిపోతుంది. మిగతా రెంటిని బట్టి జూలై 1 నాటికి పదమూడు దాటి పంతొమ్మిది రోజులు. పిల్లాడు లెక్కల్లో చురుకు. రికార్డు మార్పించడానికి తిరిగేలోపు గడువు కాస్తా అయిపోయింది. "నేను రాయించిందే గదా సార్" అని కాగితాలు మళ్లీ కవర్లో పెట్టుకున్నాడు.

మీ పిల్లలు నాలుగులో ఉన్నప్పుడే ఈ మూడు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసుకోండి.

అపోహ: తెలుగు మీడియం పిల్లలకు దండగ.

సైనిక్ స్కూల్ ఆరో తరగతి పరీక్ష తెలుగులోనూ రాయొచ్చు. మొత్తం 300 మార్కుల్లో 150 లెక్కలకే. తప్పు రాస్తే మార్కు కోయరు. తొమ్మిదో తరగతి పేపరు మాత్రం ఇంగ్లీషులోనే ఉంటుంది, కాబట్టి తెలుగు మీడియం వాళ్లు ఆరులోనే ప్రయత్నించడం మేలు. డెహ్రాడూన్‌కైతే 125 మార్కుల ఇంగ్లీషు పేపరు విడిగా ఉంటుంది, దాన్ని తప్పించుకోలేం.

అపోహ: ఆడపిల్లలకు కుదరదు.

పాతమాట. సైనిక్ స్కూళ్లన్నిటిలో 2021-22 నుంచి, డెహ్రాడూన్‌లో 2022 నుంచి తీసుకుంటున్నారు. ఇంటర్ తర్వాత సైన్యంలో ఆఫీసర్లు కావడానికి శిక్షణిచ్చే నేషనల్ డిఫెన్స్ అకాడమీ (ఎన్‌డీఏ)లో అమ్మాయిల మొదటి బ్యాచ్ చేరిందీ 2022లోనే.

అపోహ: చేరితే సైన్యంలోకి పోక తప్పదు.

సైనిక్ స్కూళ్లు పెట్టిందే ఎన్‌డీఏకి పిల్లల్ని తయారుచేయడానికి. అలాగని బలవంతమేమీ లేదు, ఇంజనీరింగ్‌కి పోయినవాళ్లు బోలెడుమంది.

అపోహ: ఎన్‌డీఏకి ఎంపీసీ తప్ప పనికిరాదు.

నేవీ, ఎయిర్‌ఫోర్స్‌కి లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ ఉండాలి. ఆర్మీ వింగ్‌కి ఇంటర్ ఏ గ్రూపైనా సరే. కానీ రాతపరీక్షలో 300 మార్కుల లెక్కల పేపరు అందరికీ ఒకటే. సీఈసీ పిల్లాణ్ని ఎన్‌డీఏ వైపు పంపిస్తూ ఈ ముక్క చెప్పకపోవడం అన్యాయమని నా అభిప్రాయం.

అపోహ: అక్కడ పిల్లల్ని చావగొడతారు.

ఇది నాయనమ్మల టెన్షన్. పొద్దున్నే పీటీ ఉంటుంది, పక్క దులుపుకోవడం, బూట్లు పాలిష్ చేసుకోవడం ఉంటాయి. నేను చూసిన మనపిల్లల్ని ఏడిపించింది అవేవీ కాదు, రాత్రిపూట రొట్టెలు. మన జిల్లా కుర్రాడొకడు ట్రంకు పెట్టెలో పాలిష్ డబ్బాల వెనక గోంగూర పచ్చడి సీసా దాచాడు. మూత సరిగా బిగించలేదేమో, పచ్చడికి పాలిష్ వాసన పట్టేసింది. అయినా పదిరోజుల్లో సీసా అడుగంటా ఖాళీ. తిన్నవాళ్లలో సగం మంది పంజాబీ పిల్లలే.