ఆయిల్ ఎక్కువ పోస్తే ఇంజిన్‌కి అందేది గాలి

"సర్వీసింగ్ నుంచి కారు వచ్చాక డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం కొలిచే పుల్ల) తీసి చూశాను. ఆయిల్ పై గీత దాటి అర అంగుళం ఎక్కువుంది. మెకానిక్‌ని అడిగితే 'తక్కువైతే ప్రమాదం గానీ ఎక్కువైతే ఏముంది సార్, ఇంజిన్‌కి బలమే' అన్నాడు. నిజమేనా?" అని ఒక పాఠకుడు అడిగారు.

నిజం కాదు. అయితే ఆ మెకానిక్ ఒక్కడిదే కాదు ఈ నమ్మకం. నూనె అనేసరికి మన చెయ్యి ధారాళం అవుతుంది. దసరాకి బండి కడిగి, పసుపు కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కిస్తాం. అంత శ్రద్ధ ఉన్నవాళ్లం ఆ పూటైనా బానెట్ ఎత్తి ఆ పుల్ల బయటికి తీసి చూస్తామా అంటే, చూడం. నిమ్మకాయకి నేను వ్యతిరేకిని కాను. పుల్ల కూడా చూడమంటున్నాను, అంతే.

ఆయిల్ రాపిడి తగ్గిస్తుంది, వేడిని మోసుకుపోతుంది, మసి కడుగుతుంది. ఇవన్నీ డబ్బా మీదే రాసి ఉంటాయి కాబట్టి వదిలేద్దాం. అంత బరువు మోస్తూ గిరగిర తిరిగే ఇనప కడ్డీ తనని పట్టి ఉంచే బేరింగ్‌కి అసలు తగలకుండా ఎలా తిరుగుతోంది? నాకు ఎప్పటికీ విసుగు రాని ప్రశ్న ఇది. దీని జవాబు అనుకోకుండా బయటపడింది.

1883లో ఇంగ్లండులో బీచమ్ టవర్ అనే ఇంజినీరు రైలు ఇరుసుల బేరింగుల మీద ప్రయోగాలు చేస్తున్నాడు. ఆయిల్ పోయడానికి వీలుగా బేరింగ్ పైభాగంలో ఒక రంధ్రం వేశాడు. ఇరుసు తిప్పగానే ఆ రంధ్రంలోంచి నూనె పైకి ఉబికి వచ్చింది. బిరడా బిగించాడు, తన్నుకొచ్చింది. చెక్క మేకు దిగ్గొట్టాడు, అదీ మెల్లగా పైకి లేచి ఊడిపడింది. చివరికి ప్రెషర్ గేజి తగిలిస్తే ముల్లు చదరపు అంగుళానికి 200 పౌండ్లు దాటి గేజి హద్దుకి చేరింది. బేరింగ్ మీద ఆయన మోపిన భారం సగటున చదరపు అంగుళానికి 100 పౌండ్లే! ఆ పీడనాన్ని పుట్టిస్తున్న పంపు ఏదీ అక్కడ లేదు. మూడేళ్లకి, 1886లో, ఆస్బర్న్ రేనాల్డ్స్ లెక్క కట్టి చూపించాడు. తిరిగే ఇరుసు తనకి అంటుకున్న నూనెని, పోనుపోను సన్నబడే సందులోకి ఈడ్చుకెళుతుంది. నూనె నొక్కుడుపడదు, పక్కకి జారేంత వ్యవధి లేదు, కాబట్టి పీడనం పెరిగి ఇరుసునే పైకి ఎత్తేస్తుంది. కొన్ని మైక్రాన్ల మందం పొర మీద లోహం తేలుతుంది. మన బడి పుస్తకాల్లో ఘర్షణ పాఠంలో "కందెనలు ఘర్షణను తగ్గించును" అని ఒక్క వాక్యంతో దాటేస్తారు. ఆ మేకు కథ చెబితే పిల్లలు జన్మలో మర్చిపోరు కదా!

మీ కారు ఇంజిన్‌లో పిస్టన్లు తిప్పే ఇరుసు, అంటే క్రాంక్ షాఫ్ట్, తేలేదీ ఇలాగే. ఆయిల్ పంపు పని నూనెని అక్కడిదాకా చేర్చడం వరకే. మోసేది నూనె పొర. ఆ పొర మొయ్యాలంటే అందులో తెంపు ఉండకూడదు, అది నొక్కుడుపడకూడదు. రెండూ గాలి కలవనంత సేపే.

ఇప్పుడు ఛాంబర్‌లోకి వెళదాం. ఆయిల్ ఇంజిన్ అడుగున ఛాంబర్‌లో ఉంటుంది, దానికి కాస్త పైన క్రాంక్ తిరుగుతుంది. పై గీత వరకే పోస్తే నూనె పైతలానికీ, క్రాంక్ కౌంటర్ వెయిట్లకీ (సమతూకం కోసం దానికుండే బరువులు) మధ్య కొంత ఖాళీ ఉండేలా ఇంజిన్‌ని రూపొందిస్తారు. క్రాంక్ మధ్య నుంచి వెయిట్ అంచు 7 సెంటీమీటర్లు ఉందనుకోండి. 3000 ఆర్‌పీఎం అంటే సెకనుకి 50 చుట్లు. ఆ అంచు సెకనుకి 22 మీటర్లు, అంటే గంటకి దాదాపు 80 కిలోమీటర్ల వేగంతో పోతుంది. మట్టం పెరిగితే అది ఆ వేగంతో నూనెని కొడుతుంది.

మజ్జిగ చిలికే చోట కూర్చున్నవాళ్లకి తర్వాత ఏమవుతుందో చెప్పక్కర్లేదు. కవ్వం తల అడుక్కంటా మునిగి ఉంటే మజ్జిగ సుళ్లు తిరుగుతుందంతే. కాస్త పైకి లాగి, తల సగం లోపల, సగం బయట ఉండేలా తిప్పితే బుసబుసా నురగ. కవ్వం రెక్కలు ప్రతి చుట్టుకీ గాలిని వెంట తీసుకెళ్లి లోపల ముంచుతాయి కాబట్టి. క్రాంక్ నూనె పైతలాన్ని అందుకున్నప్పుడు సరిగ్గా ఆ రెండో రకం కవ్వమే అవుతుంది, పైగా సెకనుకి 50 చుట్ల కవ్వం. పోలిక ఇంకా లోతుకి పోతుంది. మజ్జిగ నురగ చప్పున ఎందుకు చల్లారదు? పాలలోని ప్రొటీన్లు బుడగ గోడని అంటిపెట్టుకుని దాన్ని పగలనివ్వవు. ఇంజిన్ ఆయిల్‌లో మసిని కడగడానికి కలిపే డిటర్జెంట్లూ అలాంటి బాపతే, బుడగల్ని కాపాడతాయి. చిలికేవాళ్ల చేతులు లాగేసినట్టే ఇంజిన్‌కీ ఆ ఎదురుదెబ్బతో కొంత శక్తి వృథా అవుతుంది. అది వేడిగా మారి నూనెలోకే చేరుతుంది. తేడా ఒక్కటే, ఇక్కడ చివరికి వెన్న రాదు.

నురగ రాకుండా కంపెనీలు ఆయిల్‌లో సిలికోన్ కలుపుతాయి, అదీ పది లక్షల్లో కొద్ది వంతులే. పైన తేలే పెద్ద బుడగల్ని అది పగలగొడుతుంది. చిత్రం ఏమిటంటే లోపల చిక్కుకున్న సన్న బుడగలు పైకి రావడాన్ని ఇదే సిలికోన్ మందగింపజేయగలదు. అందుకే చిటికెడుకి మించి వెయ్యరు.

అసలు విలన్లు ఆ సన్న బుడగలే. ఇంటర్ ఫిజిక్స్‌లో స్టోక్స్ నియమం గుర్తుందా? ద్రవంలో గోళీ కిందికి జారే లెక్క. బుడగ పైకి లేచేదీ అదే లెక్క, వేగం వ్యాసం వర్గాన్ని బట్టి ఉంటుంది. బాగా వేడెక్కిన 30 గ్రేడు ఆయిల్‌లో 0.1 మిల్లీమీటరు బుడగ సెకనుకి అర మిల్లీమీటరు మాత్రమే లేస్తుంది. 5 సెంటీమీటర్లు ఎక్కడానికి నిమిషంన్నర. మిల్లీమీటరు బుడగ అయితే దానికి వంద రెట్ల జోరు, సెకనులో బయటపడుతుంది. ఇప్పుడు పంపు వైపు చూడండి. ఛాంబర్‌లో 4 లీటర్లున్నాయి, పంపు నిమిషానికి 25 లీటర్లు తోడుతోంది అనుకుందాం. అంటే నూనెకి కింద విశ్రాంతి పది సెకన్లే. నిమిషంన్నర కావలసిన బుడగకి పది సెకన్లు ఇస్తున్నాం. అది పైకి చేరదు, నూనెతో పాటు పంపులోకి, అక్కణ్ణుంచి బేరింగుల్లోకి పోతుంది. ఇంజిన్ చల్లగా ఉంటే నూనె చిక్కగా ఉంటుంది కనక ఇంకా ఘోరం.

ఆయిల్‌లో ఎప్పుడూ ఘనపరిమాణంలో 8-9 శాతం గాలి కరిగి ఉంటుంది, దానివల్ల పెద్ద నష్టం లేదు. బుడగగా ఉన్న గాలి వేరు. మామూలు వాతావరణ పీడనం దగ్గర నూటికి ఒక్క వంతు బుడగలు కలిసినా ఆ మిశ్రమం అసలు నూనె కంటే 150 రెట్లు సులువుగా నొక్కుడుపడుతుంది. పంపు పీడనం కింద బుడగలు చితికి పరిస్థితి కొంత మెరుగవుతుంది గానీ పూర్తిగా కాదు. హైడ్రాలిక్ ట్యాపెట్లు (నూనె నింపుకుని వాల్వుల్ని తోసే భాగాలు) ఉన్న ఇంజిన్‌లో ముందు ఇదే వినబడుతుంది. నూనె గట్టిగా నిలబడి వాల్వుని తొయ్యాల్సిన చోట స్పంజిలా దిగిపోతుంది, టకటక మొదలవుతుంది. టవర్ మేకుని ఎగదన్నిన పీడనం ఈ నురగలో పుట్టదు. ఆయిల్ బాగా తక్కువైనప్పుడు మలుపుల్లో పంపు గాలి పీల్చినా జరిగేది ఇదే. రెండు తప్పులూ ఒకే చోటికి చేరుస్తాయి.

మిగతా ముప్పులు క్లుప్తంగా. ఎగజిమ్మిన నూనె తుంపరలు ఇంజిన్ లోపలి ఆవిర్లు పోయే బ్రీదర్ గొట్టం ద్వారా ఇన్‌టేక్‌లోకి, అంటే ఇంజిన్ గాలి పీల్చే దారిలోకి వెళ్లి కాలిపోతాయి, సైలెన్సర్‌లోంచి నీలం పొగ వస్తుంది. ఆయిల్‌లోని ఫాస్ఫరస్ పొగని శుద్ధి చేసే కాటలిటిక్ కన్వర్టర్‌ని మెల్లగా పాడుచేస్తుంది. డీజిల్ బండిలో అరుదుగానైనా భయంకరమైనది ఒకటుంది. ఇంజిన్ తన ఆయిల్‌నే ఇంధనంగా తాగడం మొదలుపెడితే తాళంచెవి తిప్పి తీసేసినా ఆగదు, ఎందుకంటే తాళం ఆపేది డీజిల్‌ని మాత్రమే. "సీళ్లు పేలిపోతాయి" అని గ్యారేజీల్లో బెదిరిస్తారు. కారే అవకాశం ఉంది గానీ, నా దృష్టిలో అది చివరగా పెట్టుకోవలసిన టెన్షన్.

మరి ఎంత ఎక్కువైతే ఎక్కువ? చాలా కార్లలో రెండు గీతల మధ్య దూరం సుమారు లీటరు. ఒక వంద మిల్లీలీటర్లు దాటితే నిద్ర మానుకోనక్కర్లేదు. ఇంజిన్ నడిచేటప్పుడు కొంత నూనె పైన తిరుగుతూ ఉంటుంది కాబట్టి ఛాంబర్‌లో మట్టం ఎలాగూ దిగుతుంది. పాఠకుడు చెప్పిన అర అంగుళం మాత్రం అర లీటరు దాకా ఉండొచ్చు, అది తీయించాల్సిందే. డిప్‌స్టిక్ గొట్టంలోంచి సన్న పైపు దింపి చేతి పంపుతో లాగడం తేలిక. కింద డ్రెయిన్ బోల్టు వదులు చేసి కొంచెమే తీద్దామనుకుంటే మోచేతిదాకా వేడి నూనె కారుతుంది.

ఈ ఎక్కువ ఎలా వస్తుందో చూస్తే చాలాసార్లు కొలతలో తొందర. బండి ఆపీ ఆపగానే చూస్తే నూనె ఇంకా పైనే ఉంటుంది, పుల్ల తక్కువ చూపిస్తుంది, వెంటనే పోసేస్తారు. చదును నేల మీద ఆపి, పది నిమిషాలు ఆగి, పుల్ల తుడిచి, మళ్లీ పూర్తిగా దించి తీసి చూడాలి. మొదటిసారి తీసినప్పటి తడిని నమ్మకూడదు, గొట్టం గోడలకి అంటిన నూనె కూడా అందులో ఉంటుంది. వేడికి నూనె వ్యాకోచిస్తుంది కూడా. 30 డిగ్రీల నుంచి 100కి వెళితే 4 లీటర్లు దాదాపు 200 మిల్లీలీటర్లు పెరుగుతాయి. కాబట్టి వేడిగా చూడాలో చల్లగా చూడాలో మీ మాన్యువల్ ఏది చెబితే అది. పోసేటప్పుడు రెండొందల మిల్లీలీటర్లు పోసి, ఆగి, మళ్లీ చూడండి. రెండు గీతల మధ్య పై సగంలో ఉంటే చాలు, గీత తాకించాలన్న పట్టుదల వద్దు. డాష్‌బోర్డులో వెలిగే ఎర్ర దీపాన్ని చూసి ఆయిల్ పోసేవాళ్లున్నారు. అది మట్టం దీపం కాదు, పీడనం దీపం. అది వెలిగితే ముందు ఇంజిన్ ఆపాలి.

ఎవరూ పొయ్యకుండానే ఆయిల్ పెరిగే కేసు ఒకటుంది. 2020 ఏప్రిల్ 1 నుంచి అమలైన బీఎస్-6 కాలుష్య ప్రమాణాల డీజిల్ కార్ల సైలెన్సర్ దారిలో మసిని పట్టే డీపీఎఫ్ అనే వడపోత ఉంటుంది. అది నిండాక ఆ మసిని కాల్చెయ్యడానికి చాలా ఇంజిన్లు సిలిండర్లోకి ఆలస్యంగా కాస్త అదనపు డీజిల్ చిమ్ముతాయి. అందులో కొంత సిలిండర్ గోడల వెంట జారి ఛాంబర్‌లో కలుస్తుంది. రోజూ ఆఫీసుకి నాలుగు కిలోమీటర్లు ట్రాఫిక్‌లో నడిపి ఆపేసేవాళ్లకి ఆ కాల్చడం మధ్యలోనే ఆగిపోతుంది, మళ్లీ మొదలవుతుంది, ప్రతిసారీ ఇంకొంచెం డీజిల్. నెలకోసారి పుల్ల చూస్తే మట్టం పైకి పాకుతూ కనబడుతుంది, వాసన చూస్తే డీజిల్ తెలిసిపోతుంది. కొన్ని కంపెనీలు ఇందుకోసమే డిప్‌స్టిక్ మీద పై గీతకి ఎగువన ఇంకో గుర్తు కూడా పెట్టాయి. ఇలాంటప్పుడు పైనున్నది లాగేసి ఊరుకుంటే లాభం లేదు, మిగిలిందీ పలచబడిన నూనే. మొత్తం ఆయిల్, ఫిల్టర్ మార్పించి, వారానికోసారైనా హైవే మీద అరగంట ఆపకుండా నడపాలి.