రష్యన్ తుపాకులు: అపోహలు - వాస్తవాలు, ఒక ఆర్మరర్ చెప్పినవి

సైన్యంలో ఆర్మరర్‌గా ఇరవై ఏళ్లకు పైగా తుపాకులు విప్పాను, బిగించాను. రిటైరై ఊరికి వచ్చాక పెళ్లి పందిట్లోనైనా, టీ కొట్టు దగ్గరైనా నన్ను అడిగే ప్రశ్న ఒకటే: "ఏకే-47 అసలు మొరాయించదట, నిజమేనా?" మొరాయించకపోతే నాకు ఇన్నేళ్లు జీతం ఎందుకిచ్చారు?

అపోహ: ఏకేని బురదలో ముంచి తీసినా పేలుతుంది. శుభ్రం చేయనక్కర్లేదు.

వాస్తవం: కదిలే భాగాల మధ్య కాస్త వదులుంటుంది. బోల్టును (తూటాను లోపలికి తోసి వెనక నుంచి మూసే ముక్క) మోసే భాగం బరువైనది, ఊపుతో పనిచేస్తుంది. తూటా గొట్టం (మందు ఉండే లోహపు తొడుగు) కొసకు సన్నబడుతూ ఉంటుంది కాబట్టి కాల్చాక సులువుగా ఊడి వస్తుంది. అందుకే కొంత మసి, కొంత దుమ్ము ఉన్నా సర్దుకుపోతుంది. చిక్కటి బురద లోపలికి పోతే మాత్రం అదీ ఆగుతుంది. వెనక ఉన్న బొడిపె నొక్కి, పైమూత ఎత్తి, స్ప్రింగు తీసి, బోల్టు క్యారియర్‌ను వెనక్కి లాగితే దాంతోపాటే పొడవాటి పిస్టన్ బయటికి వస్తుంది. పట్టించుకోని తుపాకీలో ఆ పిస్టన్ తల మీద మసి అట్టకట్టి ఉంటుంది, గోటితో గీకినా రాదు. బ్యారెల్ కింద ఉక్కు కడ్డీని, భుజానికి ఆనించే మడమలో శుభ్రం చేసే సామాను డబ్బాను అమర్చింది రష్యన్లే. అక్కర్లేని పనికి ఎవరైనా పనిముట్లు ఇస్తారా?

అపోహ: వంపు మ్యాగజైన్ (తూటాల డబ్బా) ఉన్నదల్లా ఏకే-47.

వాస్తవం: సోవియట్ సైన్యం 1949లో తీసుకున్నది మొదటి ఏకే. లోకమంతా ఎక్కువగా తిరిగింది 1959లో వచ్చిన ఏకేఎం, చైనా టైప్ 56 లాంటి దాని బంధువులు. మ్యాగజైన్ పైన, పక్క రేకు మీద వేలిముద్రంత చిన్న నొక్కు, పైమూత మీద అడ్డ గీతల్లాంటి పట్టీలు కనిపిస్తే అది ఏకేఎం తరహాది. 1974 నాటి ఏకే-74 వేరు, దాని తూటా 5.45 మిల్లీమీటర్లది. వార్తల్లో ఈ తేడా రాయమని అడిగితే, పేరు పొడవైతే శీర్షికలో పట్టదని ఒక విలేకరి మిత్రుడు నవ్వేశాడు.

అపోహ: వాడటం తేలిక, కాబట్టి తయారీ కూడా తేలికే.

నాకు అన్నిటికంటే చిరాకు తెప్పించే మాట ఇదే. మొదట్లో తుపాకీ పెట్టెను (బోల్టు లాంటివి ఉండే గూడు) ఉక్కు రేకు వంచి చేయబోయారు. వంకరలు, తిరస్కరించాల్సిన ముక్కలు పోగుపడ్డాయి. దాంతో రేకు వదిలేసి, గట్టి ఉక్కు దిమ్మెను యంత్రాలతో తొలిచి చేశారు. ఖర్చు ఎక్కువ, బరువూ ఎక్కువే. రేకు పని కుదరడానికి 1959 దాకా పట్టింది. అప్పుడు బరువు కిలో వరకు తగ్గింది. సైనికుడికి సులువు చేయడానికి ఫ్యాక్టరీ పదేళ్లు కష్టపడిందన్నమాట.

అపోహ: ఏకే, రెండో ప్రపంచ యుద్ధం నాటి జర్మన్ రైఫిల్ ఎస్‌టీజీ-44కి నకలు.

వాస్తవం: రూపు చూసి అనేమాట ఇది. పొట్టి తూటా ఆలోచనలో జర్మన్లు ముందున్నారు, నిజమే. జర్మన్ డిజైనర్ హ్యూగో ష్మైసర్ యుద్ధం తర్వాత, ఏకేలు తయారైన రష్యా నగరం ఇజెవ్‌స్క్‌లో పనిచేసిందీ నిజమే. కానీ ఏకే రూపకర్త కలాష్నికోవ్ నమూనా రూపుదిద్దుకున్నది కోవ్‌రోవ్ అనే వేరే ఊళ్లో. విప్పి చూస్తే జర్మన్ తుపాకీ బోల్టు వాలి బిగుసుకుంటుంది, ఏకే బోల్టు తిరిగి బిగుసుకుంటుంది. లోపలి పనితీరులో ఏకేకి దగ్గరి చుట్టం అమెరికా గరాండ్ రైఫిల్. తమాషా ఏమిటంటే, 2017లో మాస్కోలో కలాష్నికోవ్ విగ్రహం పెట్టినప్పుడు దిగువ ఫలకం మీద ఎస్‌టీజీ-44 బొమ్మ చెక్కేశారు! కొద్ది రోజుల్లోనే దాన్ని కోసి తీసేయాల్సి వచ్చింది.

అపోహ: 7.62 అని రాసి ఉంటే ఏ తూటా అయినా ఒకటే.

వాస్తవం: ఆ అంకె బ్యారెల్ లోపలి వెడల్పు, మిల్లీమీటర్లలో; పాత రష్యన్ కొలతలోంచి వచ్చింది. అంగుళంలో పదో వంతు ఒక 'లైను'. 1891 నాటి మోసిన్ రైఫిల్‌ను వాళ్లు 'మూడు లైన్ల రైఫిల్' అనేవారు. దాని తూటా గొట్టం పొడవు 54 మిల్లీమీటర్లు, ఏకేది 39, టోకరెవ్ పిస్టల్‌ది 25. మన సైన్యంలో ఒకప్పుడు వాడిన ఎస్‌ఎల్‌ఆర్ రైఫిల్‌ది కూడా 7.62 తూటాయే, కానీ గొట్టం 51. ఏకే, ఎస్‌ఎల్‌ఆర్ తూటాల్ని కొత్త కుర్రాళ్ల అరచేతిలో పక్కపక్కన పెట్టి చూపించేవాణ్ని. ఇక ఉపన్యాసంతో పనిలేదు.

రెండో ప్రపంచ యుద్ధంలో స్టాలిన్‌గ్రాడ్‌లో సోవియట్ సైనికులకు ఇద్దరికో రైఫిల్ ఇచ్చారన్న కథ కూడా అలాంటి అపోహే. రైఫిళ్లకు కటకట పడింది 1915లో, జారు (రష్యా చక్రవర్తి) సైన్యానికి. అప్పుడు అమెరికా కంపెనీలకు కూడా ఆర్డర్లిచ్చారు.

చివరగా ఏకే పక్కనుండే మీట సంగతి. పైన సేఫ్ (పేలదు), మధ్యలో ఆటో (వరసగా పేలుతుంది), కింద సింగిల్ (ఒక్కో తూటా). "తలకిందులుగా పెట్టారేమిటి సార్?" అని అడిగేవాళ్లు. కంగారులో మీటను ఒక్కసారిగా కిందికి తోస్తే ఆగేది సింగిల్ దగ్గర; మ్యాగజైన్ మొత్తం ఒక్క గుక్కలో ఖాళీ కాదు. దానికున్న అసలు లోపం చప్పుడు. రాత్రి నిశ్శబ్దంలో ఆ 'టక్' దూరానికి వినిపిస్తుంది. అందుకే వేలితో, బొటనవేలితో మీటను పట్టుకుని, కొద్దిగా బయటికి లాగి, మెల్లగా దించడం నేర్పేవాళ్లం.