పాత వీడియో గేమ్‌ల ధరలు ఎలా ఎగిశాయి, ఎందుకు జారాయి

2021 జులైలో రెండంటే రెండు రోజుల తేడాలో జరిగిన రెండు వేలం పాటల్ని రెట్రో గేమ్‌లు సేకరించేవాళ్లు ఎవరూ ఇప్పటికీ మర్చిపోలేదు. అమెరికాలోని హెరిటేజ్ ఆక్షన్స్ అనే సంస్థ 9వ తారీఖున లెజెండ్ ఆఫ్ జెల్డా సీల్ తియ్యని కాపీ ఒకటి 8,70,000 డాలర్లకి అమ్మింది, అమ్మో అనుకునేలోపే 11న సూపర్ మారియో 64 ఏకంగా 15,60,000 డాలర్లకి పోయింది. మరుసటి నెల ర్యాలీ అనే ఇంకో వేదిక మీద సూపర్ మారియో బ్రదర్స్ కాపీ ఒకటి 20 లక్షల డాలర్లు పలికింది, దాన్ని వాళ్లు 2020 ఏప్రిల్‌లో కొన్నది 1,40,000కి. ఇక్కడ ఒక విషయం చూడాలి, మారియో 64 అరుదైన గేమ్ ఏం కాదు, ప్రపంచం మొత్తమ్మీద కోటికి పైగా కాపీలు అమ్ముడైన గేమ్ అది, ఆడుకోడానికి ఉత్త కార్ట్రిడ్జ్ (మెషీన్‌లో దూర్చే గేమ్ ఉన్న ప్లాస్టిక్ బిళ్ల) చాలంటే ఈరోజుకీ కావల్సినన్ని దొరుకుతాయి. మరి అంత డబ్బు దేనికి పోశారు, కొన్నాళ్లకే ఆ సీల్డ్ డబ్బాల ధరలు ఎందుకు జారిపోయాయి? వీటికంటే నాకు ముఖ్యం అనిపించేది ఇంకో ప్రశ్న. ఆ బుడగ పగిలాక కూడా మామూలుగా ఆడుకోడానికి కొనే పాత గేమ్‌లు 2019 నాటి ధరలకి ఎందుకు దిగిరాలేదు?

మొదట్లో వీటికి విలువే లేదు. 1983లో అమెరికాలో వీడియో గేమ్‌ల మార్కెట్ కుప్పకూలినప్పుడు అటారీ కంపెనీ అమ్ముడుపోని సరుకుని న్యూ మెక్సికో రాష్ట్రంలో అలమొగోర్డో అనే ఊరి చెత్తకుప్పలో పాతిపెట్టి పైన కాంక్రీటు పోయించింది. డబ్బులు పెట్టి పూడ్పించారు అంటే ఆ కార్ట్రిడ్జ్‌లకి అప్పట్లో ఎంత విలువుందో చూడండి. 2014 ఏప్రిల్‌లో అదే గుంట తవ్వి తీస్తే, నలిగి మట్టికొట్టుకుపోయిన ఆ కార్ట్రిడ్జ్‌లనే ఆ ఊరివాళ్లు ఈబే అనే ఆన్‌లైన్ వేలం సైట్‌లో పెట్టి మొత్తం మీద లక్ష డాలర్లకి పైగా రాబట్టారు.

తర్వాత నింటెండో వచ్చింది, 1985లో న్యూయార్క్‌లో మొదలుపెట్టి టీవీకి తగిలించి గేమ్‌లు ఆడుకునే తన ఎన్ఈఎస్ మెషీన్‌ని, అంటే కన్సోల్‌ని, ఇంటింటికీ చేర్చింది. ఆ కాలంలో గేమ్ కొన్న పిల్లలు చేసిన మొదటి పని అట్టడబ్బా చింపి అవతల పారెయ్యడం. వాళ్ల తప్పేం లేదు, అది ఆటవస్తువు, ఆడుకోడానికి కొన్నారు. కానీ ఇప్పుడు ఒకే గేమ్‌కి ఉత్త కార్ట్రిడ్జ్ ఒక ధర, డబ్బా మాన్యువల్‌తో సహా ఉంటే దానికి ఎన్నోరెట్లు, సీల్ తియ్యకపోతే ఇంకో లోకం, ఇలా మూడు మెట్లు ఏర్పడ్డాయంటే మూలం ఆ చింపేసిన అట్టడబ్బాలే. 90లలో కొత్త కన్సోల్ రాగానే పాతది ఇచ్చేసి కొత్తది తెచ్చుకోవడం అలవాటైంది, ఫంకోలాండ్ లాంటి షాపుల గొలుసులు వాడిన గేమ్‌లని కొని తిరిగి అమ్మేవి, ధరల పట్టీని కాగితం మీద అచ్చేసి పంచేవాళ్లు. అప్పటికి రేటు నిర్ణయించేది గేమ్ బాగుందా, ఇంకా ఎవరైనా అడుగుతున్నారా అన్నదే. లేబుల్ మీద గీత పడిందా, డబ్బా మూల నలిగిందా అని పట్టించుకున్నవాళ్లు చాలా తక్కువ.

1995లో ఈబే రావడంతో లెక్క మారింది. అప్పటిదాకా ఏ గేమ్ ఎంత అరుదో ఎవరికీ సరిగ్గా తెలీదు, ఎవరి ఊళ్లో ఏం దొరికితే అదే. ఈబేలో అమ్మకాలన్నీ ఒకేచోట కనిపించేసరికి ఏది రోజూ వస్తోంది, ఏది ఏడాదికోసారి కూడా రావట్లేదు అన్నది బయటపడింది. దీనికి స్టేడియం ఈవెంట్స్ అనే గేమ్‌ని మించిన ఉదాహరణ లేదు. 1987లో బాండాయ్ కంపెనీ కాళ్లతో తొక్కి ఆడే చాపతో పాటు తెచ్చిన గేమ్ అది, ఆ చాప హక్కులు నింటెండో తనే కొనేసుకుని పవర్ ప్యాడ్ అని పేరు మార్చి, గేమ్‌ని కూడా వరల్డ్ క్లాస్ ట్రాక్ మీట్‌గా మార్చి మళ్లీ విడుదల చేసింది, అప్పటికే తయారైన స్టేడియం ఈవెంట్స్ కాపీలు షాపుల్లోంచి వెనక్కి పోయాయి, బయట మిగిలినవి చాలా తక్కువ. గేమ్‌గా చూస్తే పరుగుపందేలు తప్ప అందులో ఏమీ లేదు, అచ్చం అదే గేమ్ ఇంకో పేరుతో కారుచౌకగా దొరుకుతుంది కూడా. అయినా 2010లో దాని సీల్డ్ కాపీ ఈబేలో 41,300 డాలర్లు పలికింది, వార్తల్లోకెక్కింది. అప్పటినుంచే పాత సామాన్ల సంతల్లో గేమ్ కార్ట్రిడ్జ్ కనిపిస్తే జనం ఫోన్ తీసి ధర చూసుకోవడం మొదలైంది. నింటెండో వరల్డ్ ఛాంపియన్‌షిప్స్ 1990 కార్ట్రిడ్జ్ కథ కూడా ఇలాంటిదే, పోటీలో ఫైనల్‌కి చేరినవాళ్లకి ఇచ్చిన బూడిదరంగువి 90, పత్రిక పోటీలో గెలిచినవాళ్లకి ఇచ్చిన బంగారు రంగువి 26, అంతకుమించి లేవు.

కానీ అరుదు ఒక్కటే ధర పెంచితే అటారీ కాలం నాటి అరుదైన గేమ్‌లన్నీ ఈపాటికి ఆకాశంలో ఉండాలి, ఒకట్రెండు తప్ప అలా జరగలేదు. అసలు ఇంజిన్ కొనేవాళ్ల వయసు. ఎనిమిది పదేళ్ల వయసులో ఆడిన గేమ్‌ని మనిషి ముప్ఫై దాటాక వెతుక్కుంటాడు, ఎందుకంటే చేతిలో మొదటిసారి సొంత జీతం ఆడేది అప్పుడే. 2000ల మొదట్లో ఎన్ఈఎస్, తర్వాత సూపర్ నింటెండో, సెగా జెనెసిస్, తర్వాత ఎన్64, ఇప్పుడు గేమ్‌క్యూబ్, ప్లేస్టేషన్ 2, డీఎస్, గిరాకీ వరసగా అలా కదులుతూ వస్తోంది. ఆ తరం వెనక్కి తగ్గితే వాళ్ల కన్సోల్ గిరాకీ కూడా తగ్గుతుంది, మామూలు అటారీ కార్ట్రిడ్జ్‌లు ఇప్పటికీ చవగ్గానే దొరకడానికి అదే కారణం. పాత గేమ్ అంటే పెరుగుతూనే ఉండే ఆస్తి అని నమ్మి కొనేవాళ్లు ముందు దీని గురించి ఆలోచించాలి.

2006 తర్వాత యూట్యూబ్ ఈ గిరాకీని ఇంకాస్త ఎగదోసింది. ఎవరూ పట్టించుకోని గేమ్‌ని ఒక పేరున్న ఛానల్ 'దాచిన రత్నం' అని చూపిస్తే చాలు, వారంలో దాని రేటు మారిపోయేది. ఎర్త్‌బౌండ్ గేమ్ 1995లో అమెరికాలో వచ్చినప్పుడు సరిగ్గా అమ్ముడే కాలేదు, తర్వాతర్వాత నోటిమాట మీద పేరు పెరిగి వందల డాలర్ల గేమ్ అయింది. 2016లో నింటెండోనే 30 గేమ్‌లు లోపల పెట్టి చిన్న ఎన్ఈఎస్ క్లాసిక్‌ని 60 డాలర్లకి వదిలితే షాపుల్లో నిలవలేదు, కొన్నవాళ్లు మర్నాడే రెట్టింపు ధరకి అమ్ముకున్నారు. పాత జ్ఞాపకానికి ఎంత డబ్బు పలుకుతుందో అప్పటికి అందరికీ అర్థమైపోయింది.

ఆ తర్వాత వచ్చింది గ్రేడింగ్. మూడో మనిషి గేమ్‌ని పరీక్షించి, మార్కులేసి, గట్టి ప్లాస్టిక్ పెట్టెలో శాశ్వతంగా బిగించి ఇవ్వడం. నాణేలకి, కామిక్స్‌కి, బేస్‌బాల్ కార్డులకి ఇది ఎప్పటినుంచో ఉంది, గేమ్‌లకి కూడా 2008 ప్రాంతం నుంచి వీజీఏ అనే సంస్థ చేస్తూనే ఉంది, కానీ 2018లో వాటా గేమ్స్ అనే సంస్థ వచ్చాకే ఇది పెద్ద వ్యాపారమైంది. డబ్బాకి పదికి ఇన్ని మార్కులు, సీల్‌కి ఏ ప్లస్ ప్లస్ నుంచి కిందికి అక్షరాలు. ఇందాక చెప్పిన మారియో 64 కాపీకి 9.8, ఏ ప్లస్ ప్లస్. ఈ అంకె చేసిన పనేంటంటే, గేమ్‌ల గురించి ఏమీ తెలియనివాళ్లు కూడా గేమ్ కొనగలిగే వీలు కల్పించింది. పెట్టె విప్పకూడదు, గేమ్ ఆడకూడదు, అసలు ముట్టుకోకూడదు, అంకె చూసి కొని అంకె చూసి అమ్మాలి.

ఏ వివరాల మీద లక్షలు మారాయో దగ్గర్నుంచి చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది. సూపర్ మారియో బ్రదర్స్ మొదట్లో ప్లాస్టిక్ చుట్టకుండా డబ్బా మూతకి చిన్న గుండ్రటి స్టిక్కర్ అంటించి అమ్మారు, తర్వాతే ప్లాస్టిక్ చుట్టడం మొదలైంది, షాపులో కొక్కేనికి తగిలించడానికి డబ్బా వెనకవైపు అట్టలో కత్తిరింపు ఉండేది. స్టిక్కర్ ఉన్న కాపీ ఒకటి 2019 ఫిబ్రవరిలో 1,00,150 డాలర్లకి అమ్ముడై, గేమ్ ఒకటి ఆరంకెల ధర దాటింది అని వార్తలు రాయించింది. కొక్కెం కత్తిరింపు మీద తొలిరోజుల ప్లాస్టిక్ చుట్టిన ఇంకో కాపీ 2021 ఏప్రిల్‌లో 6,60,000 తెచ్చింది, దాన్ని 1986లో క్రిస్మస్ బహుమతిగా కొని బల్ల సొరుగులో పెట్టి 35 ఏళ్లు మర్చిపోయారట. ఈ తేడాలు నిజమైనవే, చరిత్ర తెలిసినవాళ్లకి నిజంగానే ఆసక్తికరమైనవి కూడా, ఆ ప్రేమని నేను తక్కువ చెయ్యను. కానీ ఒక గుండ్రటి స్టిక్కర్ ఇల్లు కొనుక్కునేంత ధర పలికిందంటే అక్కడ కొంటున్నది గేమ్‌ని కాదని ఒప్పుకోవాలి.

2020లో కోవిడ్ వచ్చి జనం ఇళ్లలో ఉండిపోయారు, అమెరికాలో ప్రభుత్వం చేతికి డబ్బులిచ్చింది, వడ్డీలు లేనట్టే ఉన్నాయి, క్రిప్టో, పోకెమాన్ కార్డులు, స్పోర్ట్స్ కార్డులు అన్నీ ఒకేసారి లేచాయి, గేమ్‌లూ వాటితో పాటే లేచాయి. 2020 నవంబరులో సూపర్ మారియో బ్రదర్స్ 3 కాపీ 1,56,000 డాలర్లకి పోయింది, అప్పటికదే రికార్డు, ఏడాది తిరిగేసరికి అది చిన్న అంకె అయిపోయింది.

2021 ఆగస్టులో కార్ల్ జాబ్‌స్ట్ అనే యూట్యూబర్ ఒక పెద్ద వీడియోలో కొన్ని ప్రశ్నలు లేవనెత్తాడు. 2019లో ఆ లక్ష డాలర్ల కాపీని కలిసి కొన్నవాళ్లలో హెరిటేజ్ వేలం సంస్థ సహ వ్యవస్థాపకుడు ఒకరు. మార్కులేసేవాళ్లకీ, వేలం వేసేవాళ్లకీ, రికార్డు ధరల గురించి మీడియాలో మాట్లాడేవాళ్లకీ మధ్య అంత దగ్గరితనం ఏంటన్నది అతని వాదన. వాటా గేమ్స్, హెరిటేజ్ రెండూ ఆరోపణల్ని ఖండించాయి. 2022 మేలో వాటా గేమ్స్ మీద కాలిఫోర్నియాలో కస్టమర్ల తరఫున కోర్టులో దావా పడింది. ఎవరిది తప్పో ఇక్కడ తేల్చడం నా పని కాదు, కానీ నమ్మకం మీద నిలబడ్డ అంకె మీద అనుమానం పడిందంటే ఏమవుతుందో అదే అయింది. దానికి తోడు 2022లో వడ్డీ రేట్లు పెరిగాయి, క్రిప్టో పడింది, తమ దగ్గరున్నవాటికి కూడా గ్రేడింగ్ చేయిద్దామని జనం వరసకట్టడంతో ఇంకా ఇంకా సీల్డ్ కాపీలు బయటికొచ్చాయి. అరుదు అనుకున్నవి అంత అరుదేం కాదని తేలింది. మిలియన్ డాలర్ల వార్తలు ఆగిపోయాయి.

పెట్టుబడి కోసం వచ్చినవాళ్లు వెళ్లిపోయారు, మరి ఆడుకునేవాళ్ల మార్కెట్ సంగతేంటి? అక్కడా 2021, 22ల నాటి శిఖరం నుంచి చాలా గేమ్‌లు తగ్గాయి, కానీ కోవిడ్ ముందు నాటికి మాత్రం చేరలేదు. నా ఉద్దేశంలో దీనికి పెద్ద కారణం వేలం హాళ్లలో లేదు, గేమ్ కంపెనీల దగ్గరుంది. 2023 జులైలో వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ ఒక అధ్యయనం బయటపెట్టింది, అమెరికాలో 2010కి ముందు విడుదలైన గేమ్‌ల్లో 87 శాతం ఇప్పుడు ఎక్కడా మామూలుగా కొనడానికి దొరకట్లేదు. అదే ఏడాది మార్చి 27న నింటెండో తన వీ యూ, 3డీఎస్ కన్సోల్స్ ఆన్‌లైన్ షాపుల్లో కొనుగోళ్లు మూసేసింది, అక్కడ తప్ప ఇంకెక్కడా లేని పాత గేమ్‌లు ఎన్నో దాంతోపాటే పోయాయి, 3డీఎస్ కార్ట్రిడ్జ్‌ల ధరలు ఆ మూసివేత చుట్టూనే పెరగడం అందరూ చూశారు. సెగా సాటర్న్‌లో 1998లో నాలుగు డిస్కులతో వచ్చిన పాంజర్ డ్రాగూన్ సాగా అయితే మళ్లీ ఏ రూపంలోనూ విడుదలే కాలేదు, కన్సోల్ చచ్చిపోయే దశలో వచ్చింది కాబట్టి అమెరికాలో అచ్చేసిన కాపీలే తక్కువ, ఆడాలంటే వందల డాలర్లు పెట్టాలి లేదంటే కాపీరైట్ గీత దాటాలి. ఎర్త్‌బౌండ్ 2013లో మళ్లీ దొరికినా అసలు కార్ట్రిడ్జ్ ధర పెద్దగా పడలేదు, నిజమే, వస్తువు మీద మమకారం ఉన్నవాళ్లు ఎప్పుడూ ఉంటారు. కానీ అక్కడ కనీసం గేమ్ మాత్రమే కావల్సినవాడికి ఇంకో దారి ఉంది.

దొరకనితనం ఇంకో చెడ్డ పని చేసింది, నకిలీలని పెంచింది. పోకెమాన్ గేమ్‌బాయ్ కార్ట్రిడ్జ్‌ల్లో నకిలీలు ఎంత ఉన్నాయంటే ఇప్పుడు తెలిసినవాళ్లు ముందు విప్పి చూడందే డబ్బులివ్వట్లేదు. మామూలు స్క్రూడ్రైవర్‌తో రాదు, నింటెండో పాత కార్ట్రిడ్జ్‌లకి 3.8 మిల్లీమీటర్ల ప్రత్యేకమైన బిట్ కావాలి. విప్పితే అసలుదాంట్లో ఆకుపచ్చ బోర్డు మీద నింటెండో పేరు అచ్చై ఉంటుంది, చిప్పులు శుభ్రంగా అతికి ఉంటాయి, సేవ్ చేసుకునే గేమ్ అయితే నాణెం లాంటి బ్యాటరీ ఒకటి బోర్డుకి సోల్డర్ చేసి ఉంటుంది, నకిలీదాంట్లో చాలాసార్లు చిప్పు ఉండాల్సినచోట నల్లటి జిగురు ముద్ద ఉంటుంది. సీల్డ్ వాటికి వెనక ప్లాస్టిక్ అతుకు చూస్తారు, ఎన్ఈఎస్ గేమ్‌ల అసలు చుట్టులో వెనకవైపు అడ్డంగా ఒక అతుకు గీత ఉంటుంది, ఇంట్లో మెషీన్‌తో మళ్లీ చుట్టినవాటికి అది అలా రాదు. అసలువే అయినా ఆ బ్యాటరీలు ఇరవై ముప్ఫై ఏళ్లకి అయిపోతాయి, డిస్కులు పాడవుతాయి, గేమ్ గేర్ లాంటి కన్సోల్స్‌లో కెపాసిటర్లు కారి బోర్డుని తినేస్తాయి. ప్లాస్టిక్ పెట్టెలో బిగించి 9.8 అని రాసినా లోపలి బ్యాటరీకి ఆ సంగతి తెలీదు.

లైబ్రరీలు, ఆర్కైవ్‌లు అమ్మకంలో లేని గేమ్‌లని పరిశోధకులకి దూరం నుంచి ఆడనిచ్చేలా మినహాయింపు కావాలని గేమ్‌లని భద్రపరిచే సంస్థలు అమెరికా కాపీరైట్ ఆఫీస్‌ని అడిగాయి, గేమ్ పరిశ్రమ సంఘం వ్యతిరేకించింది, 2024 అక్టోబరులో ఆఫీస్ కాదంది. పుస్తకానికి, సినిమాకి ఉన్నపాటి దారి కూడా గేమ్‌కి లేకుండా పోయింది, నాకు నిజంగా బాధ కలిగించిన నిర్ణయం ఇది, ఎందుకంటే దాని భారం చివరికి పడేది సెకండ్‌హ్యాండ్ మార్కెట్ మీదే. గేమ్‌ని చదవాలన్నా, దాని గురించి రాయాలన్నా, పిల్లలకి చూపించాలన్నా ఎవరో ఒకరు ఆ పాత కార్ట్రిడ్జ్ కొనక తప్పదు.

2025 జూన్‌లో వచ్చిన స్విచ్ 2కి కొన్ని గేమ్‌లు గేమ్-కీ కార్డ్ రూపంలో అమ్ముతున్నారు, చూడ్డానికి మామూలు కార్డే, డబ్బా కూడా ఉంటుంది, కానీ లోపల గేమ్ ఉండదు, సర్వర్ నుంచి దించుకోడానికి అనుమతి మాత్రమే ఉంటుంది. ఇప్పుడు పదేళ్లున్న పిల్లలు 2045లో ఇవే వెతుక్కుంటారు, అప్పటికి సర్వర్ ఉంటే ఆడతారు, లేకపోతే డబ్బా ఉంటుంది.