వేదిక దిగాక పెరిగిన అబ్బా అభిమానం

2022 మే 27న తూర్పు లండన్‌లో మూడు వేల మంది పట్టే ఒక ప్రదర్శనశాలలో స్వీడన్ పాప్ సంగీత బృందం అబ్బా ప్రేక్షకుల ముందుకు వచ్చింది. వచ్చినవి వారి డిజిటల్ రూపాలు మాత్రమే. అప్పటికి డెబ్బై ఏళ్లు దాటిన ఆ నలుగురూ ప్రత్యేక దుస్తులు ధరించి, 160 కెమెరాల నడుమ ఐదు వారాల పాటు పాడి ఆడగా, ఆ కదలికల ఆధారంగా 1979 నాటి వారి రూపాలను తెరపై సృష్టించారు. బృందం పాడటం ఆపేసిన చాలాకాలానికి పుట్టినవారు కూడా ఆ పాటలకు గొంతు కలుపుతున్నారంటే, ఈ మమకారం కేవలం పాత అభిమానుల జ్ఞాపకం కాదన్నమాట.

అగ్నేతా, బ్యోర్న్, బెన్నీ, ఆన్నీ-ఫ్రిద్ అనే నాలుగు పేర్ల తొలి అక్షరాలతో పేరు పెట్టుకున్న ఈ బృందం 1974 ఏప్రిల్ 6న బ్రైటన్‌లో 'వాటర్లూ' పాటతో యూరప్ దేశాల పాటల పోటీ యూరోవిజన్ గెలిచింది. (తెలుగు చెవికి అబ్బురంగా తోచే ఈ పేరు స్వీడన్‌లో అప్పటికే ఒక చేపల డబ్బాల కంపెనీది, దాని అనుమతితోనే వాడుకున్నారు.) స్వదేశంలోని వామపక్ష సంగీతకారులకు మాత్రం అది నచ్చలేదు. పాటను సరుకుగా మార్చారన్న కోపంతో, 1975లో స్టాక్‌హోమ్‌లో యూరోవిజన్ జరిగినప్పుడు వారు పోటీగా మరో సంగీతోత్సవమే నిర్వహించారు. మన దేశంలో ఇంత పట్టింపు లేదు: అబ్బా పాట 'మమ్మా మియా' బాణీ 1977లోనే ఆర్.డి. బర్మన్ చేతుల్లో హిందీ సినిమా పాటగా మారింది. బృందంలోని రెండు జంటలూ విడిపోయాక, 1982 చివరికి విడిపోతున్నామన్న ప్రకటనైనా లేకుండా అబ్బా ఆగిపోయింది.

ఆ తర్వాతి దశాబ్దంలో అబ్బా పాటలు ఇష్టమని చెప్పుకోవడం సంగీతం తెలిసినవారి మధ్య కొంత నామోషీ. ఆ రోజుల్లో వాటిని నిలబెట్టినవి స్వలింగ ప్రేమికుల నృత్యశాలలు, అనుకరణ బృందాలు. 1988లో మెల్‌బోర్న్‌లో మొదలైన 'బ్యోర్న్ అగైన్' అబ్బా వేషధారణను సగం వేళాకోళంగా, సగం భక్తిగా తలకెత్తుకుంది. నా దృష్టిలో ఈ పునరుజ్జీవనానికి అసలు మూలం ఆ వేళాకోళమే, ఎందుకంటే నవ్వుకోవడానికి వెళ్లినవారు పాటలన్నీ తమకు కంఠతా వచ్చునని అక్కడే గ్రహించారు.

1992లో అన్నీ కలిసివచ్చాయి. బ్రిటన్ పాప్ బృందం ఎరేజర్ తిరిగి పాడిన నాలుగు అబ్బా పాటల రికార్డు బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరింది. అదే జూన్‌లో స్టాక్‌హోమ్‌లో ఐరిష్ రాక్ బృందం యూటూ కచేరీ వేదికపైకి బెన్నీ, బ్యోర్న్ స్వయంగా వచ్చారు. సెప్టెంబరులో 'అబ్బా గోల్డ్' విడుదలైంది. శ్రోతలు గ్రామఫోన్ రికార్డులు పక్కనపెట్టి సీడీలు కొంటున్న కాలం కావడంతో పాత పాటలకు రెండోసారి గిరాకీ పుట్టింది. మూడు కోట్లకు పైగా ప్రతులు అమ్ముడైన ఆ సంకలనం చాలామందికి అబ్బాతో తొలి పరిచయం. తర్వాత, యూరోవిజన్ విజయానికి సరిగ్గా పాతికేళ్లకు, 1999 ఏప్రిల్ 6న లండన్‌లో అబ్బా పాటలతో అల్లిన 'మమ్మా మియా' సంగీత నాటకం మొదలైంది.

ఇంత జరిగినా నలుగురూ కలిసి మళ్లీ కచేరీలకు దిగలేదు. ముదిమి కనబడకపోవడం వల్ల, అభిమానుల మనసులో వారి వయసు 1970లలోనే నిలిచిపోయింది. 2021 నవంబరులో కొత్త ఆల్బమ్ 'వాయేజ్' తెచ్చినా, లండన్ ప్రదర్శనలో దాని నుంచి తీసుకున్నవి రెండు పాటలే. అక్కడ తెరపై బొమ్మల పక్కన వాద్యాలు పట్టుకుని నిజంగా వాయించేది పదిమంది కళాకారుల బృందం.