సాలీడు శిలాజాలు: అపోహలు - వాస్తవాలు

అపోహ: రాతిలో ఎనిమిది కాళ్లు కనిపిస్తే అది సాలీడే.

వాస్తవం: శిలాజాలు కొని డబ్బు పోగొట్టుకున్నవారిలో చాలామంది ఈ నమ్మకంతోనే నష్టపోయారు. ఒక శిలాజాన్ని సాలీళ్లన్నీ చేరే ఆరేనియే అనే క్రమంలో (జీవుల వర్గీకరణలో ఒక స్థాయి) చేర్చాలంటే కాళ్ల సంఖ్య చాలదు. ఉదరం కింద పట్టు వదిలే స్పిన్నరెట్లు, మగవాటిలో సంపర్కానికి అనువుగా మారిన పెడిపాల్ప్‌లు (నోటి దగ్గరుండే కాళ్లలాంటి చిన్న అవయవాలు) ఉన్నాయేమో చూడాలి. పూర్తిగా అంతరించిపోయిన ట్రైగొనోటార్బిడ్‌లు అనే ఎనిమిది కాళ్ల జీవులు దూరం నుంచి అచ్చం సాలీళ్లలాగే ఉంటాయి కానీ, వాటికి స్పిన్నరెట్లు లేవు, పైగా ఉదరం మీది ఫలకాలు నిలువుగా మూడు భాగాలుగా చీలి ఉంటాయి. న్యూయార్క్ రాష్ట్రంలోని గిల్బోవా వద్ద దొరికిన డెవోనియన్ యుగపు (సుమారు 42-36 కోట్ల ఏళ్ల కిందటి) అట్టర్‌కోపస్ అనే జీవిని చాలాకాలం అతి ప్రాచీన సాలీడుగా లెక్కించారు. 2008లో తిరిగి పరిశీలించినప్పుడు దానికి పట్టు వదిలే సూక్ష్మనాళికలు ఉన్నా స్పిన్నరెట్లు లేవనీ, వెనుక తోకలాంటి భాగం ఉందనీ తేలడంతో దాన్ని యురారనైడా అనే వేరే క్రమంలో ఉంచారు. స్పిన్నరెట్లూ తోకా రెండూ ఉన్న కైమెరారాక్నీ అనే జీవి 2018లో మయన్మార్ అంబర్‌లో (శిలాజంగా గట్టిపడిన చెట్టు జిగురులో) వెలుగు చూశాక, సాలీళ్ల హద్దు ఎక్కడ గీయాలన్న చర్చ మరింత పెరిగింది.

ఒక తల్లి తన కొడుకు కోసం కొన్న రాతి ఫలకం ఫొటో పంపి, మోసపోయానా అని ఎంతో బాధతో అడిగారు. రాయి పగిలిన చోట కూడా కాళ్ల నల్లరంగు తెగకుండా సాగింది, కాళ్లలో ఎక్కడా కీళ్లు లేవు. అది రంగుతో గీసినదే. ఆమె తప్పేమీ లేదు. చైనాలో దొరికిన ఒక నమూనాకు నిపుణులే మంగోలారాక్నీ చావోయాంగెన్సిస్ అని పేరు పెట్టి ప్రకటించగా, అది రంగుతో కాళ్లు గీసిన మంచినీటి రొయ్యజాతి జీవి అని ఫ్లోరసెన్స్ సూక్ష్మదర్శిని (వేర్వేరు పదార్థాలను వేర్వేరు మెరుపుతో చూపే పరికరం) కింద 2019లో బయటపడింది. కొనే ముందే ఉదరభాగపు దగ్గరి ఫొటో, పక్కన స్కేలు పెట్టి తీసినది, అడిగి తీసుకోండి.

అపోహ: పూర్వకాలపు సాలీళ్లు రాక్షసాకారంలో ఉండేవి.

వాస్తవం: ఈ పుకారుకు మూలమైన అర్జెంటీనా మెగారాక్నీ అనే శిలాజాన్ని 1980లో సాలీడుగా వర్ణించారు, అది సాలీడు కాదు, యూరిప్టెరిడ్ (అంతరించిపోయిన ‘సముద్రపు తేలు’) అని 2005లోనే తేల్చేశారు. ఇంకా దాన్నే ప్రచారం చేయడం సరికాదు.

అపోహ: శిలాజంగా మాత్రమే తెలిసిన కుటుంబం అంతరించినట్టే.

వాస్తవం: ఆర్కేయిడే కుటుంబాన్ని 1854లో బాల్టిక్ అంబర్ నమూనాల ఆధారంగా వర్ణించగా, 1881లో మడగాస్కర్ నుంచి బతికి ఉన్న జాతిని వర్ణించారు.