మూడో చీలిక తెరిస్తే

మా అక్క కూతురు ఇక్కడ బెంగళూరు మత్తికెరెలో మా ఇంట్లోనే ఉండి సెకండ్ పీయూసీ (మన ఇంటర్ రెండో ఏడాది) చదువుతోంది. ఫిజిక్స్ పరీక్షకు ముందు రోజు రాత్రి రెండు సన్నటి చీలికల గుండా కాంతిని పంపి గోడ మీద చూసే యంగ్ జంట చీలికల ప్రయోగం మీద లెక్కలు చేసుకుంటూ ఉన్నట్టుండి తలెత్తి, "మామయ్యా, ఎక్కడ చూసినా రెండు చీలికలే ఎందుకు? మూడు పెడితే ఏమవుతుంది?" అంది. వెలుతురు ఇంకాస్త పెరుగుతుందిలే అని చెప్పి పంపేశాను. పడుకున్నాక తట్టింది, నేను చెప్పింది తప్పని. కొన్ని చోట్ల వెలుతురు పెరగదు సరికదా, ఉన్నది కూడా పూర్తిగా పోతుంది. ఇంకో దారి తెరిస్తే చీకటి పడటం! మర్నాడు పరీక్ష అయ్యాక ఇద్దరం కూర్చుని చేసి చూశాం.

కావలసినవి పెద్దగా ఏమీ లేవు. ఎస్‌పీ రోడ్డులో దొరికే ఎర్ర లేజర్ పాయింటర్, ఒక గాజు పలక, కొన్ని బ్లేడ్లు, కర్పూరం. కర్పూరం వెలిగించి దాని మసి గాజు పలక మీద దట్టంగా పట్టించాం. రెండు బ్లేడ్లను కలిపి టేపుతో బిగించి మసి మీద ఒక్కసారి గీస్తే రెండు సన్నటి గీతలు పడతాయి. బ్లేడు మందం సుమారు 0.1 మిల్లీమీటరు కాబట్టి గీతల మధ్య దూరం కూడా అంతే. దాని గుండా లేజర్ పోనిచ్చి మూడు మీటర్ల అవతలి గోడ మీద చూడాలి, గదిలో లైట్లన్నీ ఆర్పేసి. (లేజర్ వైపు నేరుగా చూడకండి, పిల్లల చేతికి ఒంటరిగా ఇవ్వకండి. ఇది మాట వరసకు చెప్పడం లేదు, కంటికి నిజంగానే దెబ్బ తగులుతుంది.)

రెండు గీతలతో గోడ మీద సుమారు రెండు సెంటీమీటర్లకు ఒకటి చొప్పున ఎర్రటి పట్టీలు, మధ్య మధ్యలో చీకటి. ఇది పుస్తకంలో ఉన్నదే. రెండు చీలికల నుంచి వచ్చే తరంగాలు గోడ మీద ఒక చోట కలిసేటప్పుడు శృంగం (తరంగం పైకి లేచిన చోటు) మీద శృంగం పడితే వెలుగు, శృంగం మీద ద్రోణి (కిందికి దిగిన చోటు) పడితే చీకటి. 1803లో థామస్ యంగ్ కిటికీ తలుపుకు చిన్న రంధ్రం చేసి, అందులోంచి వచ్చే ఎండకు అడ్డంగా సన్నటి అట్టముక్క నిలువుగా పట్టుకున్నాడు. దాని నీడలో పట్టీలు కనిపించాయి. అట్టకు ఒక పక్క వచ్చే వెలుతురును ఆపేయగానే ఆ పట్టీలు మాయమయ్యాయి. రెండు వైపుల వెలుతురూ కలిస్తేనే పట్టీలు వస్తున్నాయన్నమాట. ఎంత తక్కువ సామానుతో ఎంత పెద్ద సంగతి తేల్చాడో అని నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

మూడు బ్లేడ్లతో గీయడం మాత్రం అంత తేలిగ్గా కుదరలేదు. మధ్య గీత లోతుగా పడటం, పక్కది అసలు పడకపోవడం, ఇలా చాలా పలకలు పాడయ్యాక ఒకటి బాగా వచ్చింది. గోడ మీద వెలుగు పట్టీలు మునుపటి చోట్లనే ఉన్నాయి, కానీ సన్నబడ్డాయి. ఇంతకుముందు చీకటిగా ఉన్న చోట, రెండు పట్టీల నడిమధ్యన, మసకగా ఒక చిన్న పట్టీ కొత్తగా పుట్టింది. దానికి అటూ ఇటూ చీకటి.

ఎందుకిలా? సమీకరణం రాయకుండా చెప్తాను. ఒక ఇనుప కడియానికి మూడు తాళ్ళు కట్టి ముగ్గురు సమాన బలంతో లాగుతున్నారనుకోండి. ఒక్కో చీలిక నుంచి వచ్చే తరంగం ఒక్కో తాడు. గోడ మీద చోటు మారేకొద్దీ తాళ్ళ మధ్య కోణం మారుతుంది. పక్కపక్క చీలికల నుంచి వచ్చే దారుల పొడవులో తేడా ఒక పూర్తి తరంగదైర్ఘ్యమైతే (ఒక శృంగం నుంచి తర్వాతి శృంగానికి ఉండే దూరమైతే) తాడు పూర్తిగా ఒక చుట్టు తిరిగి మొదటిదాని పక్కకే వచ్చేస్తుంది, మూడూ ఒకే వైపు లాగుతాయి. తేడా సగమైతే మొదటి తాడుకు రెండోది సరిగ్గా ఎదురు, మూడోది మళ్ళీ మొదటిదాని వైపు. రెండు కొట్టుకుపోగా ఒకటి మిగులుతుంది, అదే ఆ మసక పట్టీ.

ఇక తేడా మూడో వంతు అయినప్పుడు చూడండి. మూడు తాళ్ళూ 120 డిగ్రీల చొప్పున మూడు వైపులా లాగుతాయి, కడియం కదలదు. అంటే చీకటి. అదే చోట మొదటి రెండు తాళ్ళే ఉంటే వాటి మొత్తం లాగుడు ఒక మనిషి లాగినంత ఉండేది, అంటే అక్కడ కొంత వెలుతురు ఉండేది. మూడో చీలిక తెరిచాక ఆ వెలుతురు పోయింది. ఈ మాట చెప్పగానే మా పిల్ల పెన్ను పక్కన పెట్టేసి గోడ దగ్గరికి వెళ్ళి వేలు పెట్టి చూసుకుంది.

మరి పోయిన వెలుతురు ఎక్కడికి పోయింది? ఎక్కడికీ పోలేదు, సర్దుకుంది. వెలుగు తీవ్రత లాగుడుకు వర్గం కాబట్టి మూడు తాళ్ళూ కలిసినచోట ఒక్క చీలిక ఇచ్చేదానికి 9 రెట్లు వెలుగు. చీలికలు మూడే కనుక లోపలికి వచ్చింది మూడు రెట్లే, 9 రెట్లు ఎలా సరిపోతుందంటే పట్టీ అంతకంత సన్నబడుతుంది. వంద చీలికలు పెడితే పదివేల రెట్లు వెలుగు, పట్టీ మాత్రం గీత గీసినట్టు సన్నగా. చీలికలు ఎక్కువయ్యేకొద్దీ జరిగే అసలు పని ఇదే, పనికిరాని చోట్లన్నిటా వెలుతురును రద్దు చేసి కొన్ని చోట్ల పోగుచేయడం.

దీన్ని చూడటానికి బ్లేడ్లు కూడా అక్కర్లేదు, ఇంట్లో మూలన పడున్న పాత సీడీ చాలు. దాని మీది సన్నటి వరుసలే చీలికల్లా పనిచేస్తాయి, పక్కపక్క వరుసల మధ్య దూరం 1.6 మైక్రోమీటర్లు. 650 నానోమీటర్ల ఎర్ర లేజర్‌ను నిట్టనిలువుగా దాని మీద వేస్తే తిరిగొచ్చే కాంతి మధ్యలో ఒక చుక్కగా, అటూ ఇటూ 24 డిగ్రీల దగ్గర ఒకటి, 54 డిగ్రీల దగ్గర ఇంకొకటిగా విడిపోతుంది. మూడోది రాదు, దానికి కావలసిన కోణం లేనే లేదు. డీవీడీ వరుసల దూరం 0.74 మైక్రోమీటర్లే కాబట్టి 61 డిగ్రీల దగ్గర ఒక్కో చుక్కే వస్తుంది. కోణం కొలిస్తే వరుసల దూరం తెలుస్తుంది, వరుసల దూరం తెలిస్తే లేజర్ తరంగదైర్ఘ్యం తెలుస్తుంది. కోణమానిని ఒక్కటీ చేతిలో ఉంటే మిల్లీమీటరులో వెయ్యో వంతును ఇంట్లో కొలిచేయొచ్చు. ఇది ప్రతి స్కూల్లోనూ పిల్లలతో చేయించాలని నా పట్టుదల.

అన్ని వరుసలు ఉండటం వల్ల ఇంకో లాభముంది. పట్టీ సన్నబడితే దగ్గర దగ్గరి రంగులు ఒకదాని మీద ఒకటి పడకుండా విడిగా కనిపిస్తాయి. సోడియం పసుపు కాంతిలో నిజానికి రెండు రంగులున్నాయి, 589.0, 589.6 నానోమీటర్ల దగ్గర. మధ్య చుక్కకు పక్కనే వచ్చే మొదటి చుక్కలో వాటిని విడదీయాలంటే సుమారు వెయ్యి చీలికలు కావాలి. సీడీ మీద 1.6 మిల్లీమీటర్ల వెడల్పున పడే కాంతి చుక్క కిందనే వెయ్యి వరుసలుంటాయి! 1868 ఆగస్టు 18 నాటి సూర్యగ్రహణాన్ని మన గుంటూరు నుంచి ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త జాన్సెన్, మచిలీపట్నం నుంచి మద్రాసు అబ్జర్వేటరీ తరఫున పాగ్సన్ వర్ణపటదర్శినులతో (కాంతిని రంగులుగా విడదీసి చూపే పరికరాలతో) చూసిన కాలానికి రంగులు విడదీసే ఈ పని ఎక్కువగా పట్టకాలతో జరిగేది. ఆ ఏడాది సూర్యుడి కాంతిని విడదీసినప్పుడు కనిపించిన పసుపు గీత సోడియందని మొదట అనుకున్నా, కాస్త పక్కగా ఉందని తేలింది. అదే హీలియం. గీత ఎక్కడుందో ఖచ్చితంగా చెప్పగలగడం మీదే అంతా ఆధారపడి ఉంటుంది.

ఇలా బోలెడు చీలికలు వరుసగా ఉన్నదాన్ని గ్రేటింగ్ అంటారు. గీతలు గీయకుండానే ఏర్పడే ఒక గ్రేటింగ్ ఎలా పనిచేస్తుందో వివరించిన పని మా ఇంటికి దగ్గర్లోనే, ఇక్కడి పాతవాళ్ళు టాటా ఇన్‌స్టిట్యూట్ అని పిలిచే ఐఐఎస్‌సీలో (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్) జరిగింది. ద్రవంలోకి అల్ట్రాసౌండ్ (మన చెవికి వినపడనంత ఎక్కువ పౌనఃపున్యపు ధ్వని) పంపితే ద్రవం పొరలు పొరలుగా దట్టమై, పలచబడుతుంది. ఆ పొరలే గ్రేటింగ్‌లా కాంతిని చుక్కలుగా విడదీస్తాయి. దానికి 1935, 36లలో రామన్, నాగేంద్రనాథ్ ఇచ్చిన సిద్ధాంతం ఇప్పటికీ వాళ్ళ పేర్లతోనే నడుస్తోంది.

మళ్ళీ మూడు చీలికల దగ్గరికొస్తాను, ఎందుకంటే బెంగళూరులో ఈ కథ ఇంకా సాగింది. 1994లో రాఫెల్ సోర్కిన్ అనే భౌతిక శాస్త్రవేత్త ఒక లెక్క చెప్పాడు. చీలికలను రెండేసి చొప్పున తెరిచి మూడు కొలతలు తీసుకోండి, వాటిని కూడండి, అందులోంచి ఒక్కొక్కటే తెరిచిన మూడు కొలతలూ తీసేయండి. మూడూ తెరిస్తే వచ్చేది సరిగ్గా అదే కావాలి. ఒక్క చీలిక ఇచ్చే వెలుగును 1 అనుకుని మన చీకటి చోట చూడండి, ఒక్కో జంటకు 1 చొప్పున 1+1+1, అందులోంచి 3 పోతే సున్నా. నడిమి వెలుగు పట్టీ దగ్గర 4+4+4, అందులోంచి 3 పోతే 9. వ్యతికరణం, అంటే తరంగాలు ఇలా కలిసి పెరగడం, రద్దవడం, ఎప్పుడూ జంటల మధ్యే, ముగ్గురికీ కలిపి వేరే ఒప్పందమేదీ ఉండదు. భౌతిక శాస్త్రవేత్త ఊర్బశి సిన్హా, సహచరులు కెనడాలో ఫోటాన్లతో (కాంతి కణాలతో) దీన్ని పరీక్షించి, తమ కొలతల హద్దుల్లో తేడా లేదని 2010లో ప్రచురించారు.

ఆ తర్వాత ఆమె సదాశివనగర్‌లోని రామన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చారు. అక్కడ ఇంకో సంగతి బయటపడింది. ఒక చీలికలోంచి వచ్చిన తరంగం నేరుగా తెర మీదికే పోవాలని లేదు, కొంచెం పక్క చీలిక వైపు వంగి, అక్కడి నుంచి తెరకు చేరొచ్చు. ఆ దారి పక్క చీలిక తెరిచి ఉంటేనే ఉంటుంది. అందుకని సోర్కిన్ లెక్కలో ఒక అతి చిన్న శేషం మిగలాలి. 2014లో ఐఐఎస్‌సీ వాళ్ళతో కలిసి ఆ శేషమెంతో లెక్కగట్టారు. మామూలు కాంతికైతే పది లక్షల్లో ఒక వంతు స్థాయి. సెంటీమీటర్ల పొడవుండే మైక్రోవేవ్‌లకైతే వెయ్యిలో ఒక వంతు స్థాయికి పెరుగుతుంది, కాబట్టి వాటితోనే ప్రయోగం చేసి శేషం సున్నా కాదని 2018లో ప్రచురించారు.

ఇదంతా విని మా పిల్ల, "అయితే ఆ శేషం మన గోడ మీద కూడా ఉన్నట్టేగా మామయ్యా?" అంది. ఉంది. మసి గీతల వంకరల కింద, మన కంటికి అందనంత చిన్నగా, అక్కడే ఉంది.