సింథ్ మాడ్యూల్‌కి కీబోర్డు మెట్లు బిగించాలనుకునే వాళ్లకి: అపోహలు - వాస్తవాలు

విజయనగరంలో ఆర్కెస్ట్రా వాళ్ల కీబోర్డులు బాగుచేస్తుంటాను. ఈ మధ్య మెట్లు (నొక్కే కీలు) లేని డెస్క్‌టాప్ సింథ్ మాడ్యూల్, అంటే శబ్దం పుట్టించే పెట్టె మాత్రమే, కొనుక్కుని, పాడైన పాత కీబోర్డు మెట్లు దానికి బిగించి ఒకే పెట్టెగా చేసిపెట్టమని తెస్తున్నారు. మంచి ఆలోచనే, చక్కగా పనిచేస్తుంది కూడా. కాకపోతే కొన్ని తప్పుడు నమ్మకాలతో వస్తున్నారు.

అపోహ: మాడ్యూల్ విప్పి లోపల సోల్డరింగ్ చేయాలి.

దాని ఒక్క స్క్రూ కూడా తియ్యొద్దు. మెట్టు శబ్దం చేయదు, ఫలానా స్వరం ఇంత గట్టిగా నొక్కారు అని కబురు పంపుతుంది, అంతే. 1983లో వచ్చిన మిడి పద్ధతి ఆ కబురు కోసమే. మెట్ల కింద చిన్న మైక్రోకంట్రోలర్ (ప్రోగ్రాం ఎక్కించుకునే బుల్లి కంప్యూటర్) బోర్డు పెట్టి, అక్కడినుంచి మాడ్యూల్ మిడి ఇన్‌ (కబురు అందుకునే సాకెట్)కి వైరు ఇస్తే చాలు. ఖరీదైన మెట్లు వేస్తే సౌండ్ మారుతుందనేదీ ఇందుకే తప్పు, మారేది వేళ్లకి తెలిసే పట్టు.

అపోహ: డయోడ్లు (కరెంటుని ఒకవైపే పోనిచ్చేవి) దండగ.

నేనూ మొదట్లో అలాగే అనుకుని వదిలేశాను. సిరిమాను పండగ ప్రోగ్రాం కోసం రిహార్సల్ జరుగుతుంటే, నొక్కని స్వరం మోగడం మొదలైంది. ఎందుకంటే ఒక్కో మెట్టుకి విడిగా వైరు లాగలేం కాబట్టి అడ్డం, నిలువు వరసలుగా గళ్లలా కలుపుతాం. ఒక చదరానికి మూడు మూలల్లో ఉన్న మెట్లు కలిపి నొక్కితే, డయోడ్ లేనప్పుడు కరెంటు వెనక్కి తిరిగి నాలుగో మూల కూడా నొక్కినట్టు చూపిస్తుంది. సరిగమలు ఒక్కొక్కటిగా వాయించి చూస్తే ఇది బయటపడదు, కార్డ్ (కొన్ని స్వరాలు కలిపి) పట్టాలి. నొక్కిన వేగం (ఎంత గట్టిగా నొక్కారన్నది దీన్ని బట్టే) తెలియాలంటే మెట్టుకి రెండు కాంటాక్టులు ఉంటాయి, ఆ రెండూ తగలడానికి మధ్య ఎంత సమయం పట్టిందో బోర్డు లెక్కిస్తుంది. అంటే 49 మెట్లకి 98 కాంటాక్టులు, 98 డయోడ్లు. మామూలు 1ఎన్4148 రకం డయోడ్ సరిపోతుంది. పాత కీబోర్డు బోర్డు మీద చాలావరకు అవి ముందే ఉంటాయి, మల్టీమీటర్‌తో చూసుకున్నాకే కొనండి.

అపోహ: మిడి లేటు.

ఒక స్వరం కబురు వెళ్లడానికి సెకనులో వెయ్యో వంతు కూడా పట్టదు. లేటు అనిపిస్తే బోర్డులోని మీ ప్రోగ్రాం మెట్లని ఎంత తరచుగా చదువుతోందో చూడండి.

అపోహ: గమకాలు పలకవు.

ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ప్రిన్సిపాల్‌గా చేసిన సంగీత కళాశాల ఉన్న ఊరు కదా, ఈ ప్రశ్న నన్ను చాలామంది అడుగుతారు, అడగాలి కూడా. మెట్టు ఒక్కటీ జారదు, నిజమే. పక్కన పిచ్ బెండ్ చక్రం (తిప్పితే స్వరం జారుతుంది) పెట్టుకోండి. మిడిలో దానికి 16,384 అంచెల సూక్ష్మత ఉంది. మామూలుగా అది పైకి రెండు, కిందికి రెండు స్వరస్థానాలే జారుతుంది, మాడ్యూల్ సెట్టింగ్‌లో పెంచుకోవచ్చు. కానీ ఆ ఛానల్లో మోగుతున్న స్వరాలన్నీ కలిసి జారతాయి కాబట్టి, గమకం వాయించేటప్పుడు ఒక్క స్వరమే పట్టండి.

అపోహ: మిడి వైరుకి 3.5 ఎంఎం పిన్ను ఏదైనా ఒకటే.

టైప్ ఏ, టైప్ బీ అని రెండు రకాల వైరింగ్ ఉంది. 2018లో టైప్ ఏని ప్రమాణంగా తీసుకున్నారు, అంతకుముందు వచ్చిన మాడ్యూల్ అయితే మాన్యువల్ చూడండి. తేడా ఉంటే పాడవడం ఏమీ ఉండదు, శబ్దం రాదంతే.